మందకు మిగిలిన మూల

నేను వనపర్తి డిపోలో కండక్టర్‌ని. కొల్లాపూర్ రూట్లో ఏళ్ల తరబడి తిరిగాను. బస్సు ఎందుకు ఆలస్యమైందని డిపోలో అడిగినప్పుడల్లా నేను చెప్పిన కారణాల్లో సగం అబద్ధాలు. మిగతా సగం సాయన్న గొర్రెలు.

చలి వెనక్కి తగ్గేసరికి ఆయన మంద రోడ్డెక్కేది. ముందు సాయన్న, భుజాన గొంగడి, చేతిలో కర్ర. వెనక ఆయన భార్య జములమ్మ, గాడిదను తోలుకుంటూ. గాడిద మీద వంట గిన్నెలు, రాత్రిపూట మంద చుట్టూ కట్టే వల, ఇంకా నడక రాని గొర్రెపిల్లలు. నడుమ రోడ్డు నిండా నల్లగొర్రెలు. మా డ్రైవర్ హారన్ మీద పెట్టిన చెయ్యి తీసేవాడు కాదు. గొర్రెలకు హారన్ అంటే లెక్క లేదు. సాయన్నకు అంతకంటే లేదు.

"జర ఓపిక పట్టు సారూ. తొందరుంటె మా గొర్లకు గూడ టికెట్ గొట్టి ఎక్కిచ్చుకో, అందరం జల్ది పోదం," అనేవాడు నన్ను చూసి.

బస్సులో జనం నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. కానీ మనిషి మీద కోపం నిలిచేది కాదు. తిరుగు ట్రిప్పులో ఏ చెట్టు కిందనో కనబడితే బస్సాపి, ఉల్లిగడ్డతో జొన్న అంబలి తాగి వచ్చిన రోజులున్నాయి. అట్లా నాకు ఆయన బతుకు కొంచెం కొంచెంగా తెలిసింది.

సాయన్నది ఖిల్లా ఘణపూర్. కోట ఉన్న గుట్ట కింద ఇల్లు. వానకాలమంతా మంద ఆ గుట్ట మీద మేసేది. గుట్ట ఎండిపోగానే కొల్లాపూర్ దిక్కు తోలుకుపోయేవాడు. కృష్ణలో నీళ్లు వెనక్కి తీసేకొద్దీ ఒడ్డున గడ్డి లేస్తుంది. ఎండకాలం సగం అక్కడ గడిచిపోయేది. ఆ గడ్డి కూడా అయిపోయాక మళ్లీ ఇంటిదారి. అయితే ఆ వేళకు గుట్ట మీద ఇంకా ఏమీ ఉండదు. మిరుగం వానలు పడి గడ్డి మొలిచేదాకా, అంటే రోహిణి కార్తె ఎండల్లో, మందకు నిలబడే జాగా కావాలి. ఆ జాగా భీమయ్య చెలక.

భీమయ్య వనపర్తి పక్క ఊరి రైతు. కొల్లాపూర్ రోడ్డు మీద ఎర్రమట్టి చెలక ఒకటి ఉండేది ఆయనకు. చిన్నదే. నీళ్లు లేవు, వాన మీదే పంట. పల్లి వేసేవాడు, పక్కన నాలుగు సాళ్లు జొన్న. ఏటా విత్తే ముందు ఆ చెలకలో సాయన్న మంద పండాలి. గొర్రెలు రాత్రంతా పడుకుంటే వాటి పెంటికలు, ఉచ్చ అంతా నేలకు పోతుంది. అంతకు మించిన ఎరువు లేదని మా పాలమూరు రైతులు ఇప్పటికీ అంటారు. రోజూ ఒక్కచోటే పండితే లాభం లేదు. అందుకని భీమయ్య సాయంత్రం వచ్చి, ఈ రాత్రి ఇక్కడ అని నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టేవాడు. ఆ గడి పండాక పక్క గడి. అట్లా జరుపుకుంటూ జరుపుకుంటూ చెలక అంచుదాకా పోయేవాళ్లు. అన్ని రోజులూ భీమయ్య ఇంటి నుంచే జొన్న గటక, పచ్చిపులుసు వచ్చేవి. చివర జొన్నలు ఇచ్చేవాడు.

ఆఖరి గడి పండిన పొద్దున ఒక రివాజు ఉండేది. సాయన్న నడుముకున్న చిన్న తిత్తిలోంచి బండారు తీసి భీమయ్య చేతిలో పోసేవాడు. బండారంటే పసుపే. కాకపోతే వాళ్ల కులదేవుడు బీరప్ప ముందర పెట్టి తెచ్చుకున్న పసుపు. అది చేతిలో ఉండగా అన్న మాట సాయన్న లాంటి కురుమలు తప్పరు, వాళ్లతో మాట ఆడినవాళ్లూ తప్పకూడదు. భీమయ్య దాన్ని సాయన్న నొసట పెట్టి, "మళ్ల యేడు గూడ నా చెలకల నీదే మంద," అనేవాడు. "మళ్ల యేడు గూడ నా మందకు నీదే మొదటి చెలక," అని సాయన్న అనేవాడు. చెలకలో ఒక్క మూల మిగిలినా ఆ మాటలు అనుకోరు. ఆ మాటలు చెప్పుకోకుండా మంద కదిలితే పాత మాట తీరనట్టే. వాళ్ల తండ్రుల నాటి నుంచి అంతే.

నేను ఒకసారి ఆ తంతు చూసి, "ఇద్దరికీ లగ్గమైనట్టే ఉంది," అన్నాను. జములమ్మ పడీపడీ నవ్వింది.

రెండువేల ఏడులో భూముల పిచ్చి మా వనపర్తికీ అంటుకుంది. హైదరాబాద్ నుంచి జడ్చర్ల దాకా వచ్చి ఆగుతుందనుకున్నాం, ఆగలేదు. చాయ్ హోటల్లో కూర్చుంటే పక్కవాడు రోడ్డు ఎటు నుంచి వస్తుందో చెప్పేవాడు. గడ్డం గీసేవాడు కూడా గీస్తూ గీస్తూ, "సారూ, మంచి బిట్టు ఒకటున్నది," అనేవాడు. నిన్నటిదాకా పురుగుమందుల దుకాణం నడిపిన శివశంకర్ తెల్లబట్టలు కట్టి కారెక్కాడు. కొల్లాపూర్ రోడ్డుకు అటూ ఇటూ చెలకలన్నీ ఆయనే మాట్లాడాడు.

భీమయ్య మొదట అమ్మనన్నాడు. కానీ ఎడమ పక్క చెలక పోయింది. కుడిపక్కదీ పోయింది. బండి పోయే దారి మీద శివశంకర్ తీగ కంచె వేశాడు. కలుపుకు రమ్మంటే కూలోళ్లు రాలేదు, ప్లాట్లలో ముళ్లకంపలు కొట్టడానికి పోయారు. ఆ కార్తీకంలో ఆయన చెలక ఒక్కటే, రాళ్ల నడుమ ఎండిన జొన్న దంట్లతో మిగిలింది. అడవిపందులన్నిటికీ అదే దిక్కయింది. ఇంక ఎవరి కోసం కావలి కాయాలి? మాఘమాసంలో సంతకం పెట్టేశాడు.

ఆ వెంచర్‌లో, భీమయ్య చెలక తూర్పు మూల పడిన ప్లాటు ఒకటి నేనూ మాట్లాడుకున్నాను. అద్దె ఇంట్లో పెళ్లాం చేత ఎన్నేళ్లు మాటలు పడతాం? మా ఉమారాణికి సొంత ఇల్లంటే ప్రాణం.

సాయన్న అప్పటికి కృష్ణ ఒడ్డున ఉన్నాడు. చెలక అమ్ముడుపోయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రోహిణి వచ్చింది. ఒకనాటి పొద్దుగూకే వేళ మంద భీమయ్య చెలకకు చేరింది. తర్వాత జరిగింది జములమ్మే నాకు చెప్పింది, ఒకసారి నవ్వుతూ, ఇంకోసారి కళ్లు తుడుచుకుంటూ.

చెలక నిండా రాళ్లు. వరసగా, చదరం చదరంగా, ప్రతి మూలకూ ఒకటి. అన్నిటికీ సున్నం.

"సూసినవానే?" అన్నాడట సాయన్న మురిసిపోయి. "రోజుకో తాప వచ్చుడెందుకని భీమన్న మొత్తం చెలకకు ఒక్కపారే గుర్తులు పెట్టిండు."

"గుర్తులకు సున్నమెందుకయ్యా?" అంది జములమ్మ.

"చీకట్ల గూడ కనవడాలె గద."

"మరి నడుమ గింతింత బాటలేంది? ఈడికేమన్న బస్సొస్తదా?"

"ఆయన చెలక, ఆయన ఇష్టం. నీకెందుకే?"

అట్లా మొదలుపెట్టారు. మొదటి రాళ్ల నడుమ వల కట్టి మంద పండబెట్టారు. రాత్రికి రెండు గళ్లు. రాళ్లు చూపిన మేరకే, ఒక్క జానెడు అటూ ఇటూ పోకుండా. నడుమ బాటలు బాటల్లాగే వదిలేశారు. రైతు అంత శ్రద్ధగా గుర్తులు పెడితే మనం తప్పకూడదని సాయన్న పట్టుదల. భీమయ్య మాత్రం రాలేదు. గటక రాలేదు, పచ్చిపులుసు రాలేదు. ఒంట్లో బాగుండక రాలేదేమో అనుకున్నారు. జములమ్మ మూడు రాళ్ల పొయ్యి పెడితే వాళ్ల వంట వాళ్లే వండుకున్నారు. పొయ్యికి కూడా సున్నం వేసిన రాళ్లు ముట్టనివ్వలేదట సాయన్న.

ప్లాటు కొన్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. సెలవు దొరికితే చాలు, పోయి ఖాళీ నేలను చూసి మురిసి వస్తాడు. నేనూ ఒక పొద్దున సైకిలేసుకుని పోయాను. పోయేసరికి మా వెంచర్ నిండా నల్లగొర్రెలు.

"సారూ, ఈడికి గూడ వస్తివా టికెట్ గొట్టనీకె?" అన్నాడు సాయన్న, వల చుట్టుకుంటూ.

"ఇక్కడ మందేంది సాయన్నా?"

"భీమన్న చెలక గద. యేటా మాదే."

రాళ్ల వంక చూశాను. గడి గడికీ సమంగా పడిన పెంటికలు చూశాను. సంగతి అర్థమై నవ్వొచ్చింది. నవ్వాను. విషయం చెబుదామని నోరు తెరిచేలోపల రోడ్డు మీంచి శివశంకర్ కారు దిగింది. వెనక ఇంకో కారులో ప్లాట్లు చూడ్డానికి వచ్చిన హైదరాబాద్ వాళ్లు. వాళ్లలో ఒకావిడ కాలు కింద పెట్టి, కింద చూసి, మళ్లీ కారులో పెట్టుకుంది.

"ఎవడిదిరా ఇది?" అని శివశంకర్ అరిచాడు. "లక్షణంగ చదును జేసిన ప్లాట్లల్ల పెంట పెట్టిస్తివి గదరా!"

"పెంట గాదు సారూ, ఎరువు," అన్నాడు సాయన్న నెమ్మదిగా.

"ఎరువేందిరా? ఈడేం పండిస్తమనుకున్నవు?"

"పల్లి. భీమన్న యేటా పల్లే యేస్తడు."

శివశంకర్‌ డ్రైవర్‌ని పంపి ఊళ్లోంచి భీమయ్యను పిలిపించాడు. భీమయ్య కారు ముందు సీట్లోంచి దిగాడు. తల ఎత్తలేదు. ఆయన అంత చిన్నగా కనబడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"సాయన్నా, అమ్మిన," అన్నాడు.

"ఏం అమ్మినవన్నా?"

"చెలక."

సాయన్న చుట్టూ చూశాడు. "మరి నువ్వు పెట్టిన గుర్తులో?"

"గవి నేను పెట్టలే. ప్లాట్ల రాళ్లు."

చుట్టూ గొర్రెలు అరుస్తున్నాయి. ముందు జములమ్మే నోరు తెరిచింది.

"నీ చేతుల బండారు పోస్తిమి గదనయ్యా. కొల్లాపూర్ బస్సు రోజు పోతది. అమ్మిన అని ఒక్క మాట పంపిస్తె మేం ఇంకో చెలక చూసుకోకపోదుమా?"

"ఏ మొఖంతోని పంపాలె వదినా?" అన్నాడు భీమయ్య. "ఈ నోటితోనే మళ్ల యేడు నీదే మంద అంటి. పంపుదం పంపుదం అనుకుంటనే రోజులు గడిచె. మీరొచ్చినకాడికెల్లి అగో ఆ గట్టు మీదికెల్లి చూస్తున్న. దగ్గరికొద్దమంటె కాళ్లు రాలే."

అంతకుముందు నవ్వినవాడిని, ఆ మాట విన్నాక నాకు నవ్వు మిగల్లేదు. ఒక రైతు తన చెలకలో మంద పండుతుంటే గట్టు మీద నిలబడి దొంగలాగా చూడటం ఏమిటి? శివశంకర్ మీద, భీమయ్య మీద, నా ప్లాటు మీద, అన్నిటి మీదా చిర్రెత్తింది.

సాయన్న తిట్టలేదు. కర్రతో తూర్పు దిక్కు చూపించాడు. "ఆ మూల గడి ఒక్కటి మిగిలిందన్నా. ఈ రాత్రికి ఆడ పండవెట్టి పొద్దుగాల పోతం. మాట తీరుతది."

"ఒక్క గొర్రె కనవడ్డా పోలీసులను పిలుస్త," అన్నాడు శివశంకర్.

"ఆ మూల ప్లాటు నాదేనండీ," అన్నాను నేను. "పండనీయండి, నాకేం అభ్యంతరం లేదు."

"రిజిస్ట్రీ అయినంక నీ ఇష్టం సారూ. అయ్యేదాంక నాదే."

ఇంక చెప్పడానికేముంది? మిట్ట మధ్యాహ్నం, రోహిణి ఎండలో, సాయన్న వల గాడిద మీద వేసుకుని మందను రోడ్డెక్కించాడు. బండారు తిత్తి విప్పలేదు. భీమయ్య వాళ్ల వెంట కొంతదూరం నడిచి తిరిగొచ్చాడు.

ఆ యేడు వానలు ఆలస్యమయ్యాయి. గుట్ట మీద గడ్డి లేదు, మధ్యలో నిలబడే జాగా లేదు. చాలా గొర్రెపిల్లలు చచ్చిపోయాయని తర్వాత విన్నాను.

వానలు పడ్డాక మా వెంచర్ చూడవలసిందే. ప్లాట్లన్నీ మోకాలెత్తు గడ్డితో పచ్చగా లేచాయి. నడుమ రోడ్లు ఎర్రగా బోడిగా ఉన్నాయి. సాయన్న మంద ఎక్కడ పండిందో ఎక్కడ పండలేదో గీత గీసినట్టు కనబడేది. శివశంకర్‌కు పండగే. కొనేవాళ్లను తీసుకొచ్చి, "మట్టి చూడండి సార్, బంగారం," అనేవాడు. తిట్టి తరిమినవాడు ఆ నోటితోనే అట్లా అంటుంటే వినడం నావల్ల కాలేదు. పోవడం మానేశాను.

ఒకసారి ఉమారాణిని తీసుకుపోయాను. "అందరియి పచ్చగున్నయి, మనదేంది, తల గొరిగిచ్చుకున్నట్టున్నది?" అంది. మూలనున్న మా ప్లాటు ఒక్కటే బోడిది. ఎందుకో చెప్పాను.

ఆ తర్వాత సాయన్న రోడ్డు మీద కనబడుతూనే ఉన్నాడు. కానీ ఆయన రోడ్డు ఇరుకైంది. ఇదివరకు బస్సు వస్తే మందను పక్క చెలకలోకి దించేవాడు. ఇప్పుడు పక్కనంతా కంచె, రాళ్లు, బోర్డులు. మంద తారు మీదే నడవాలి. మా డ్రైవర్ కూడా హారన్ కొట్టడం మానేశాడు. దిగడానికి చోటే లేనప్పుడు కొట్టి ఏం లాభం? మరుసటి యేడు కొల్లాపూర్ నుంచి వస్తుంటే కంకర లారీ ఒకటి మందలోకి దూసుకుపోయింది. నేను ఆ రోజు ఆ రూట్లో లేను. లేకపోవడమే మంచిదైంది.

"బండారు మాట తీరలే. గందుకే మందకు గిట్లయితుంది," అనేది జములమ్మ.

"లారీవోనికి బండారు సంగతేం తెల్సే?" అనేవాడు సాయన్న. ఆయనకు అట్లాంటి భయం లేదు. కానీ మాట తీరలేదన్న బాధ ఆమె కంటే ఆయనకే ఎక్కువ. నేను కనబడితే టికెట్ ముచ్చట ఎత్తేవాడు కాదు. "ఆ మూల ఇంక ఖాళీగనే ఉన్నదా సారూ?" అని అడిగేవాడు. ఉందనేవాణ్ని. తల ఊపి మందను తోలుకుపోయేవాడు.

భూముల పిచ్చి చల్లబడింది. శివశంకర్ మళ్లీ పురుగుమందుల దుకాణంలో కనబడ్డాడు. ఎట్టకేలకు నా రిజిస్ట్రీ అయ్యింది. రెండువేల తొమ్మిది ఎండకాలం చివర ఇల్లు మొదలుపెడదామని ముహూర్తం పెట్టించాం.

దానికి ముందురోజు పొద్దున సాయన్న బస్టాండ్‌కు వచ్చాడు. వెంట మంద లేదు. మంద లేకుండా ఆయన్ని చూడటం అదే మొదటిసారి, ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను.

"సారూ, మంద అమ్ముతున్న," అన్నాడు. "ఆమె మోకాళ్లు వంగుతలేవు. నడిచేతందుకు బాట లేదు, నిలవనీకె జాగ లేదు. బేరం అయింది, రేపు పొద్దుగాల లారీ వస్తది. నీ ప్లాటుల ఈ ఒక్క రాత్రి మందను పండనిస్తవా? చేతుల మాట పెట్టుకొని అమ్మబుద్ధయితలేదు."

నేను వెంటనే సరేనన్నాను. అన్నాక ఇంటికి పోయి చెప్పాలి కదా. చెప్పాను. ఉమారాణి చేతిలో పసుపు కొమ్ములు కింద పెట్టింది.

"పొద్దుగాల పంతులొస్తడు. మా అన్నలు, వదినలు వస్తరు. అందర్ని పెంటికల మీద కూసోవెడ్తవా? కడిగి ముగ్గేద్దమనుకున్న జాగల గొర్లను పండవెడ్తరా ఎవరన్న?"

"మాట ఇచ్చాను."

"నన్నడిగి ఇచ్చినవా?"

సాయంత్రం ఆమె కూడా ప్లాటు దగ్గరికి వచ్చింది, వద్దని తనే చెప్పడానికి. జములమ్మ కంచె బయట గాడిద పక్కన కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటోంది. మంద రోడ్డు అంచునే ఆగి ఉంది. లోపలికి తోలలేదు. సాయన్న దూరంగా నిలబడ్డాడు, అడగలేదు, దగ్గరికి రాలేదు.

"నువ్వేనా బిడ్డా ఇంటామెవు?" అంది జములమ్మ. "నీకు మనసైతెనే. వద్దంటె గిట్లనే రోడ్డు మీదికెల్లి పోతం. నీ ఇల్లు సల్లగుండాలె."

ఉమారాణి ప్లాటు వంక చూసింది. చుట్టూ అన్నిటిలో నిరుటి గడ్డి ఎండి తలలు వాల్చి ఉంది. మాది ఎర్రగా, గట్టిగా, బోడిగా ఉంది. చాలాసేపు చూసింది.

"మనదొక్కటే గిట్లెందుకుండాలె?" అంది నాతో. తర్వాత జములమ్మతో, "తోలుకో అమ్మా. పంతులొచ్చేవరకు లేపితె చాలు," అంది. అని, ఇంటికి పోయి గటక వండి, పచ్చిపులుసు పిసికి పంపింది. ఈ మనిషితో ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాను, ఇంకా అర్థం కాదు.

తెల్లవారే వేళకు నేను పోయాను. మంద లేస్తోంది. నేలంతా పెంటికలతో నల్లగా, తడిగా ఉంది. ఆ వాసన నాకు ఏమీ చెడ్డగా అనిపించలేదు. రోడ్డు మీద లారీ వచ్చి ఆగి ఉంది, వెనక తలుపు తెరిచి. ఊరి దిక్కు నుంచి ఒకాయన తలమీద మూటతో వస్తున్నాడు. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాను, భీమయ్య. ఎవరు కబురు పెట్టారో అడగలేదు. చెలక అమ్మాక ఆయన పాత ఇంటికి స్లాబు వేయించుకున్నాడు. ఇప్పుడు కట్టే ఇళ్ల దగ్గర కూలికి పోతున్నాడు.

మూట దించాడు. జొన్నలు. సాయన్న వంగి గుప్పెడు తీసుకుని చూశాడు.

"నీ చెలకల జొన్న గాదు గదన్నా ఇది?"

"నాకేడిది సాయన్నా? వనపర్తి అంగట్ల కొనుక్కొస్తి. చెలక మొత్తం పండె గద. నీది నీకు రావాలె గదా."

తనది కాని నేలకు ఎరువు వేసినందుకు అంగట్లో కొన్న జొన్నలు.

భీమయ్య వంగి పెంటికలతో సహా పిడికెడు మట్టి తీసుకున్నాడు. చేతిలో నలిపాడు. "మంచిగ పండింది మంద. ఈ యేడు పల్లి..." అన్నాడు. అక్కడ మేస్త్రి పాతిన కొయ్యలు, వాటికి చుట్టిన దారం చూశాడు. మట్టి వదిలేసి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

సాయన్న తిత్తి విప్పి బండారు ఆయన చేతిలో పోశాడు. భీమయ్య దాన్ని సాయన్న నొసట పెట్టాడు. పెట్టి చెయ్యి దించాడు. ఇంక ఏమీ అనలేదు. సాయన్న వంచిన తల ఎత్తలేదు, అట్లాగే ఉన్నాడు. లారీవాడు హారన్ కొట్టాడు.

"అనన్నా," అన్నాడు సాయన్న.

"ఏమనాలె సాయన్నా? నాకు చెలక లేకపాయె. నీకు మంద లేకపాయె."

"గది అనకుంటె మాట తీరనట్టే గదన్నా. ఇంత దూరమొచ్చి మళ్ల గట్లనే వోవాల్నా?"

భీమయ్య గొంతు సవరించుకున్నాడు. "మళ్ల యేడు గూడ..." అని ఆగాడు. జములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మళ్ల యేడు గూడ నా చెలకల నీదే మంద," అన్నాడు.

"మళ్ల యేడు గూడ నా మందకు నీదే మొదటి చెలక," అన్నాడు సాయన్న.

అని తల ఎత్తి, కర్ర తీసుకుని, గొర్రెలను లారీ దిక్కు మళ్లించాడు. అవి ఎప్పట్లాగే ఆయన వెనకే నడిచాయి. భీమయ్య జొన్నల మూట ఎత్తి గాడిద మీద పెట్టాడు.

లారీ పోయాక పంతులు వచ్చాడు. నేల చూసి ముక్కు మూసుకుని, ముందు ఊడిపించండమ్మా అన్నాడు. ఉమారాణి చీపురు తేలేదు. ఆ పెంటికల మీదే పీట వేసి, ఇక్కడే కూర్చోండి అంది.